కార్లో అబార్త్

కార్లో అబార్త్ (1908 నవంబరు 15 - 1979 అక్టోబరు 24) ఆస్ట్రియాలో జన్మించి, ఇటలీ పౌరుడిగా ప్రసిద్ధి చెందిన మోటారు వాహనాల రూపశిల్పి, పారిశ్రామికవేత్త. యౌవనంలో ఇతడు మోటారు సైకిలు పందేలలో పాల్గొన్నాడు. 1949లో ఇతడు స్థాపించిన అబార్త్ అండ్ కంపెనీ, సామాన్యులు కొనుక్కునే చిన్న ఫియట్ కార్లను వేగవంతమైన క్రీడా కార్లుగా మార్చుటలో పేరు గడించింది. తేలు బొమ్మ ఈ సంస్థ చిహ్నం. పందేలలో గెలుపొందిన కార్లవలననే అబార్త్ పేరు లోకానికి తెలిసినప్పటికీ, ఆ పందేలకు కావలసిన ధనాన్ని సమకూర్చి పెట్టినది మాత్రం ఒక సాధారణమైన వస్తువు. అది కారు యజమాని విడిగా కొనుక్కుని, తన ఇంటివద్దనే పాతదాని స్థానంలో బిగించుకోదగిన సైలెన్సరు.

బాల్యం, తొలి జీవితం

ఇతడు వియన్నా నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కార్ల్. తండ్రి వంశీకులది దక్షిణ టిరోల్ ప్రాంతంలోని మెరానో పట్టణం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ ప్రాంతం ఆస్ట్రియా చేతినుండి ఇటలీకి దక్కింది. ఈ కారణంగానే కార్ల్ అబార్త్ తరువాతి కాలంలో ఇటలీ పౌరసత్వం స్వీకరించి, తన పేరును కార్లో అని మార్చుకున్నాడు. కార్లో అనేది కార్ల్ అను జర్మన్ పేరుకు ఇటలీ భాషారూపమే.

బాల్యం నుండి ఇతనికి చక్రాలున్న ప్రతి వాహనంపైనా మక్కువ ఎక్కువ. యుక్తవయస్సులోనే సైకిళ్ళ, మోటారు సైకిళ్ళ చట్రాల తయారీలో పని నేర్చాడు. 1928లో మోటారు సైకిలు పందేలలో ప్రవేశించి తొలి విజయం సాధించాడు. మరుసటి సంవత్సరమే సొంతంగా ఒక మోటారు సైకిలును తయారుచేసి దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఇతరులు చేసిన యంత్రాన్ని ఉన్నది ఉన్నట్లుగా వాడుకొనుట ఇతని స్వభావానికి సరిపడేది కాదు. విప్పి చూడడం, బరువు తగ్గించడం, ఇంజను మరికొంత ఎక్కువ శక్తినిచ్చేలా మార్చడం అప్పటినుండే అలవాటయింది.

1930లో లింజ్ నగరంలో జరిగిన ప్రమాదంలో గాయపడిన తరువాత పక్కబండి కలిగిన మోటారు సైకిళ్ళవైపు దృష్టి మరల్చాడు. 1934లో తాను రూపొందించిన అటువంటి వాహనంపై, వియన్నా నుండి బెల్జియంలోని ఓస్టెండ్ వరకు గల సుమారు 1,300 కిలోమీటర్ల మార్గంలో, ఆ రోజుల్లో సుప్రసిద్ధమైన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతో పోటీపడి గెలిచాడు. పత్రికలు ఈ వార్తకు ఎంతో ప్రాచుర్యం కల్పించాయి. ఒక సాంకేతిక విజయాన్ని జనం కళ్ళముందు ప్రదర్శించి చూపడం వలన కలిగే లాభమేమిటో అబార్త్ ఈ సంఘటన ద్వారానే గ్రహించి ఉండవచ్చు. తరువాతి జీవితమంతా అతడు ఇదే పద్ధతిని అనుసరించాడు.

1930ల చివరిలో యుగోస్లావియాలో జరిగిన మరొక ఘోర ప్రమాదం ఇతని పందేల జీవితానికి ముగింపు పలికింది. చాలాకాలం ఆసుపత్రిలో గడపవలసి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ సంవత్సరాలు ఆ దేశంలోని లుబ్లియానా నగరంలోనే గడిచాయి. పెట్రోలు దొరకడం దుర్లభమైన ఆ రోజుల్లో మోటారు వాహనాల ఇంజన్లను కిరోసిన్‌తో నడిచేవిధంగా మార్చే పని చేశాడు.

చిసితాలియా

యుద్ధానంతరం ఇతడు మెరానో చేరుకున్నాడు. ఇతనికి జర్మన్ ఇంజనీరు ఫెర్డినాండ్ పోర్షే కుటుంబంతో సాన్నిహిత్యం ఉండేది. పోర్షే వారి సాంకేతిక సంస్థకు ఇటలీలో ప్రతినిధిగా రుడాల్ఫ్ హ్రుష్కా అనే ఇంజనీరుతో కలిసి పనిచేశాడు. అదే సమయంలో టురిన్ నగరానికి చెందిన పారిశ్రామికవేత్త పియెరో డూసియో చిసితాలియా పేరిట పందెపు కార్లు తయారుచేస్తున్నాడు. డూసియో ఒకప్పుడు ఫుట్‌బాల్ క్రీడాకారుడు, యువెంటస్ జట్టుకు అధ్యక్షుడు కూడాను. ఇతని కోసం పోర్షే సంస్థ ఒక గ్రాండ్ ప్రి కారును రూపొందించింది. అబార్త్ చిసితాలియా పందెపు విభాగానికి సారథ్యం వహించాడు.

ఆ గ్రాండ్ ప్రి కారు సాంకేతికంగా ఎంతో ముందున్నదే అయినా దాని ఖర్చు డూసియో సంపదను హరించివేసింది. సంస్థ చితికిపోయి, డూసియో అర్జెంటీనాకు తరలిపోయాడు. అబార్త్‌కు రావలసిన బాకీ సొమ్ముకు బదులుగా కొన్ని పందెపు కార్లు, విడిభాగాలు లభించాయి. ఎంత గొప్ప కారు చేసినా దానికి నిత్యం ధనం సమకూర్చే వ్యాపారం వెనుక లేకపోతే సంస్థ నిలవదన్న సంగతి ఇతని కళ్ళముందే రుజువయింది.

సంస్థ స్థాపన

1949 మార్చి 31న బొలోనా నగరంలో, పందెపు చోదకుడైన గ్విడో స్కాలియారిని కుటుంబ సహకారంతో అబార్త్ అండ్ కంపెనీ ఏర్పడింది. 1951లో సంస్థ టురిన్‌కు మారింది. ఇటలీ మోటారు పరిశ్రమకు, ముఖ్యంగా ఫియట్ సంస్థకు టురిన్ పుట్టినిల్లు. నవంబరు 15న జన్మించినవారు పాశ్చాత్యుల లెక్క ప్రకారం వృశ్చిక రాశికి చెందుతారు. అందువలన అబార్త్ తేలును తన సంస్థకు గుర్తుగా ఎంచుకున్నాడు.

ఇటలీ పందేల చరిత్రలో మహాచోదకుడిగా కీర్తింపబడిన తాజియో నువొలారి తన చివరి పందెంలో పాల్గొన్నది అబార్త్ కారుతోనే. 1950 ఏప్రిల్ 10న సిసిలీ ద్వీపంలో జరిగిన పలెర్మో - మోంతె పెల్లెగ్రీనో కొండదారి పందెంలో అతడు అబార్త్ 204 కారును నడిపి తన తరగతిలో ప్రథమ స్థానం పొందాడు. ఈ గెలుపు కొత్త సంస్థకు గౌరవం తెచ్చింది గాని ఆదాయం తేలేదు.

సైలెన్సరు వ్యాపారం

ఆదాయం మరొక దారిన వచ్చింది. ఆ రోజుల్లో ఇటలీ రోడ్లపై ఎక్కువగా కనిపించిన కారు ఫియట్ టోపోలినో. టోపోలినో అనగా చిట్టెలుక. మిక్కీ మౌస్‌ను ఇటలీలో పిలిచే పేరు కూడా అదే. 569 సి.సి. ఇంజను గల ఈ కారుకు శక్తి బహుస్వల్పం. కొత్త కారు కొనే స్తోమత లేని యజమానులు ఉన్నదానినే కొంత చురుకుగా పరుగెత్తించాలని ఆశించేవారు. 1950 ప్రాంతంలో అబార్త్ వీరి కోసం ప్రత్యేకమైన సైలెన్సరును తయారుచేసి అమ్మసాగాడు.

దీని ప్రత్యేకతను తెలుసుకోవాలంటే ఇంజనులో జరిగే క్రియను కొద్దిగా పరిశీలించాలి. సిలిండరులో ఇంధనం మండిన తరువాత పిస్టన్ పైకి వచ్చి కాలిన వాయువును బయటికి నెడుతుంది. సాధారణ కార్లలో ఈ వాయువు పోత ఇనుముతో చేసిన మానిఫోల్డు గుండా సైలెన్సరులోకి పోతుంది. తయారీ ఖర్చు తగ్గించడానికి మానిఫోల్డును కురచగా, ఇరుకైన మలుపులతో చేస్తారు. సైలెన్సరులో శబ్దాన్ని తగ్గించడానికి వాయువును అడ్డుగోడల మధ్య అటూ ఇటూ తిప్పుతారు. ఈ రెండు చోట్లా వాయువుకు ఎదురొత్తిడి కలుగుతుంది. పిస్టన్ తన శక్తిలో కొంత భాగాన్ని ఆ వాయువును నెట్టడానికే వెచ్చించవలసి వస్తుంది. పైగా కొంత కాలిన వాయువు సిలిండరులోనే మిగిలిపోయి, కొత్తగా రావలసిన గాలికి, పెట్రోలుకు చోటు లేకుండా చేస్తుంది.

అబార్త్ సైలెన్సరులో వాయువు దాదాపు తిన్నగా పోతుంది. లోపలి గొట్టానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. దాని చుట్టూ గాజునూలు దట్టించి ఉంటుంది. శబ్దం ఆ రంధ్రాలగుండా గాజునూలులో ఇంకిపోతుంది; వాయువుకు మాత్రం అడ్డు ఉండదు. మానిఫోల్డుకు బదులుగా ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఉక్కుగొట్టం పెట్టి, అవి తగినంత దూరం వెళ్ళిన తరువాత ఒకటిగా కలిసేటట్లు చేస్తే ఫలితం ఇంకా మెరుగుగా ఉంటుంది. ఇటువంటి గొట్టాల కూర్పునే నేడు హెడర్లు అంటారు. ఒక సిలిండరు నుండి వేగంగా వెడలిన వాయువు తన వెనుక కొంత శూన్యాన్ని కలిగిస్తుంది. గొట్టాల పొడవు సరిగా కుదిరితే ఆ శూన్యం సిలిండరులో మిగిలిన వాయువును కూడా బయటికి లాగివేస్తుంది. పందెపు మోటారు సైకిళ్ళు తయారుచేసేవారికి ఇది పూర్వమే తెలిసిన విద్య. మోటారు సైకిళ్ళతో జీవితం ప్రారంభించిన అబార్త్ దీనిని చవక కార్ల యజమానులకు అందజేశాడు.

నల్లని రంగు వేసిన గొట్టం, మెరిసే క్రోమియం కొనలు, గంభీరమైన ధ్వని ఈ సైలెన్సర్ల లక్షణాలు. నిజానికి సైలెన్సరు ఒక్కటే మార్చినందువలన పెరిగే శక్తి కొద్దిపాటిదే. కొన్నవారిలో చాలామందిని ఆకర్షించినది ఆ ధ్వనే అనడం సత్యదూరం కాదు. అయినప్పటికీ అది వట్టి ఆడంబరపు వస్తువు కాదు. ఫియట్ కార్లకే గాక ఆల్ఫా రోమియో, లాన్సియా, పోర్షే, ఫెరారీ వంటి కార్లకు కూడా అబార్త్ సైలెన్సర్లు తయారయ్యాయి. 1962 నాటికి సంస్థ ఏడాదికి రెండున్నర లక్షలకు పైగా సైలెన్సర్లను తయారుచేస్తూ, వాటిలో అధిక భాగాన్ని విదేశాలకు ఎగుమతి చేసేది.

ఇంటివద్ద అమరిక

ఈ వ్యాపారం విస్తరించడానికి కార్ల నిర్మాణం కూడా దోహదం చేసింది. 1955లో వచ్చిన ఫియట్ 600, 1957లో వచ్చిన కొత్త ఫియట్ 500 కార్లలో ఇంజను వెనుకభాగంలో ఉంటుంది. పొగగొట్టం కారు పొడవునా పోనవసరం లేదు. సైలెన్సరు ఇంజను క్రిందనే వేలాడుతుంది. కొన్ని పానాలు, ఒక జాకీ, క్రింద ఆనించడానికి గట్టి దిమ్మలు ఉంటే యజమాని తన ఇంటి ఆవరణలోనే ఒక పూటలో ఈ పని ముగించుకోవచ్చు. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రిందికి దూరడం మాత్రం ప్రాణాపాయం.

పని సులభమే అయినా ఒక చోట మెలకువ అవసరం. ఈ కార్లలో సిలిండరు హెడ్ అల్యూమినియంతో చేసినది. దానిలోకి బిగించిన స్టడ్లు ఉక్కువి. ఏళ్ళ తరబడి వేడికి కాగి, తుప్పు పట్టిన నట్లను బలవంతంగా తిప్పితే స్టడ్ లోపలే విరిగిపోతుంది. దానిని తొలిచి తీయబోతే మెత్తని అల్యూమినియం మర దెబ్బతింటుంది. చవకగా ముగియవలసిన పని హెడ్ మొత్తం విప్పేదాకా పోతుంది. అందువలన ముందురోజే నట్లకు తుప్పు వదిలించే నూనె పెట్టి నాననిచ్చి, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత కొంచెం బిగిస్తూ, కొంచెం వదులు చేస్తూ విప్పడం మంచి పద్ధతి.

కొత్త గొట్టాలను అమర్చేటప్పుడు పాత గాస్కెట్లను తిరిగి వాడరాదు. హెడ్ ముఖాన్ని శుభ్రంగా గీకి, అన్ని నట్లను మొదట చేతితో ఎక్కించి, గొట్టం తన బరువుతో తానే సరియైన చోటికి కుదిరిన తరువాతనే పానాతో బిగించాలి. నాలుగు సిలిండర్ల ఇంజనైతే మధ్యనుండి చివరలకు వరుసగా, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఒక చివరినుండి బిగిస్తూ పోతే రెండవ చివర లేచి, సందు ఏర్పడుతుంది. ఇంజనును ఒకసారి బాగా వేడెక్కించి, చల్లార్చి మళ్ళీ బిగించడం తప్పనిసరి. టిక్కు టిక్కుమనే శబ్దం వచ్చినా, కీలువద్ద మసి చారలు కనిపించినా వాయువు కారుతున్నట్లే లెక్క. ఫియట్ 500లో ఇంజనును చల్లబరచిన గాలినే చలికాలంలో కారు లోపలికి పంపుతారు. కాబట్టి వెనుక భాగంలో విషవాయువు కారకుండా చూసుకోవడం ఆ కారు యజమానికి మరింత ముఖ్యం. వాయువు సులభంగా వెడలిపోవుటచేత ఇంజను ఎక్కువ గాలిని పీల్చుకుంటుంది గనుక కార్బురేటరులోని జెట్టును కూడా సరిచూసుకోవలసి ఉంటుంది.

చెక్కపెట్టెలో వేగం

సైలెన్సరుతో మొదలైనవాడు అంతటితో ఆగడని అబార్త్ ఊహించాడు. ఇంజను మార్పునకు కావలసిన క్రాంక్ షాఫ్టు, పిస్టన్లు, కార్బురేటరు, సైలెన్సరు మొదలైన భాగాలన్నింటినీ ఒకే చెక్కపెట్టెలో సర్ది అమ్మే ఏర్పాటు చేశాడు. 633 సి.సి. గల ఫియట్ 600 ఇంజను ఈ భాగాలతో 747 సి.సి. అయ్యేది. సుమారు 21 అశ్వశక్తి నుండి 40 అశ్వశక్తి వరకు దాని బలం పెరిగేది. యజమాని పెట్టెను కొని తనకు తెలిసిన మెకానిక్కు చేత బిగించుకోవచ్చు, లేదా మార్పులన్నీ చేసిన కారునే సంస్థ నుండి కొనుక్కోవచ్చు. జగాటో సంస్థ నిర్మించిన తేలికపాటి బాడీతో 750 జి.టి. వంటి అందమైన కార్లు కూడా వెలువడ్డాయి.

1963లో వచ్చిన 595 ఈ పరంపరలో మిక్కిలి ప్రజాదరణ పొందింది. ఫియట్ 500 ఇంజనును 593.7 సి.సి.కి పెంచి, 27 అశ్వశక్తి సాధించారు. గంటకు 95 కిలోమీటర్లు దాటలేని కారు 120 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. మరుసటి సంవత్సరం ఇంకా బలమైన 695 వచ్చింది. చూడడానికి రెండూ పొరుగువాని చిన్న కారు వలెనే ఉండేవి. తేలు బొమ్మ, వెనుక వైపు సైలెన్సరు కొనలు మాత్రమే తేడాను తెలిపేవి.

మోంజా రికార్డులు

1957లో విడుదలైన కొత్త ఫియట్ 500 మొదట్లో ప్రజలను ఆకట్టుకోలేదు. ఆ కారు బలహీనమైనదన్న అభిప్రాయాన్ని పోగొట్టడానికి అబార్త్ 1958 ఫిబ్రవరిలో తాను మార్పుచేసిన ఒక ఫియట్ 500ను మోంజా పందెపు బాటపై రాత్రింబగళ్ళు ఏడు రోజులు నడిపించాడు. 168 గంటలలో ఆ కారు 18,186 కిలోమీటర్లు పరుగెత్తింది. సగటు వేగం గంటకు 108.252 కిలోమీటర్లు. దీనితో ఫియట్ యాజమాన్యం ఎంతో సంతోషించింది. తమ కార్లు సాధించే విజయాలకు, రికార్డులకు గాను ఫియట్ నుండి సొమ్ము ముట్టే ఒప్పందం అబార్త్‌కు గొప్ప ఆధారమయింది.

1965 అక్టోబరులో అబార్త్ తన 57వ ఏట తానే రికార్డు కారు నడపడానికి పూనుకున్నాడు. ఒక్కరు మాత్రమే కూర్చోగల ఆ కారు లోపలి భాగం చాలా ఇరుకు. అబార్త్ భారీకాయుడు. అందులో పట్టడానికి ఆపిల్ పండ్లే ఆహారంగా 30 కిలోల బరువు తగ్గి, మోంజాలో త్వరణ రికార్డులు నెలకొల్పాడు. ఆపిల్ పండ్ల రాశి మధ్య తీసిన ఇతని ఛాయాచిత్రం సుప్రసిద్ధం.

సంస్థ విక్రయం

1960ల మధ్యకు వచ్చేసరికి అబార్త్ ఆశలు చిన్న కార్లను దాటిపోయాయి. సొంత ఇంజన్లతో రెండు లీటర్ల పందెపు కార్లను నిర్మించాడు. ఆరు లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజనును కూడా తలపెట్టాడు. అంతలో 1968 నుండి అమలయ్యేలా పందేల నిబంధనలు మారి ప్రోటోటైపు కార్ల ఇంజన్లను మూడు లీటర్లకు పరిమితం చేయడంతో ఆ శ్రమ వృథా అయింది. సైలెన్సర్లపై వచ్చే లాభం ఫియట్ 600 స్థాయి పందేలకు చాలింది గాని పెద్ద కార్లకు చాలలేదు. చిసితాలియాలో డూసియోను ముంచిన ఆశయే, అంత తీవ్రంగా కాకపోయినా, అబార్త్‌ను కూడా చుట్టుకున్నదని చెప్పవచ్చు. అయితే ఇతడు దివాలా దాకా పోకముందే మేలుకున్నాడు.

1971లో సంస్థను ఫియట్‌కు విక్రయించాడు. పందెపు స్పోర్ట్స్ కార్ల విభాగాన్ని ఎంజో ఒసెల్లా స్వీకరించాడు. ఫియట్ ఆధ్వర్యంలోని అబార్త్ కర్మాగారం ర్యాలీ కార్లపై శ్రద్ధ వహించింది. అచ్చట రూపుదిద్దుకున్న ఫియట్ 131 అబార్త్ 1977, 1978, 1980 సంవత్సరాలలో ప్రపంచ ర్యాలీ పోటీలలో తయారీదారుల బిరుదును గెలుచుకుంది.

చివరి దశ

అబార్త్ కొంతకాలం ఫియట్‌కు సలహాదారుగా ఉండి, ఆ తరువాత స్వస్థలమైన వియన్నాకు తిరిగి వెళ్ళాడు. 1979 అక్టోబరు 24న అక్కడే మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 70 సంవత్సరాలు. పాశ్చాత్య గణన ప్రకారం ఇతని మరణదినం కూడా వృశ్చిక రాశిలోనే పడుతుందని అభిమానులు చెప్పుకుంటారు.

తరువాతి కాలంలో

చాలాకాలం మరుగున పడిన అబార్త్ పేరును ఫియట్ 2007లో ప్రత్యేక సంస్థగా పునరుద్ధరించింది. భారతదేశంలో 2015లో అబార్త్ 595, అబార్త్ పుంటో కార్లు విడుదలయ్యాయి. మన దేశంలో ఫియట్ అనగానే పద్మిని కారు గుర్తుకు వచ్చే తరానికి, అదే సంస్థ వంశంలోని ఈ తేలు గుర్తు కారు కొంత వింతగానే తోచింది. వాటి అమ్మకాలు కొన్నేళ్ళకే నిలిచిపోయాయి.

పునరుద్ధరణ తరువాత ఐరోపాలో కొత్త అబార్త్ కార్లకు శక్తిని పెంచే భాగాలను పూర్వపు సంప్రదాయం ప్రకారం చెక్కపెట్టెలోనే పెట్టి అమ్మారు. అయితే వాటిని యజమాని ఇంటివద్ద బిగించుకోవడానికి వీలులేదు. సంస్థ గుర్తింపు పొందిన కేంద్రంలోనే అమర్చాలి. 2022లో ప్రకటించిన అబార్త్ 500ఇ విద్యుత్తుతో నడుస్తుంది. దానికి పొగగొట్టమే లేదు. పాత పెట్రోలు అబార్త్ ఇంజను ధ్వనిని అనుకరించే ఒక లౌడ్ స్పీకరును ఆ కారుకు అమర్చారు.